ఉపకారానికి ఇవ్వబడును

తోడల్లుడికి మన భాషలో మాట ఉంది. తోడికోడలికి ఉంది. వియ్యపురాలికి ఉంది. ఆడపడుచు మొగుడిని ఏమనాలో తోచకపోతే అన్నయ్యా అని పిలిచేసే వెసులుబాటు ఉంది. మరి, అమ్మ కడుపులో పెరిగి, అమ్మకు ఏమీ కాకుండా వెళ్లిపోయిన పిల్లాడు ఆ అమ్మ కూతురికి ఏమవుతాడు?

ఈ ప్రశ్న నన్ను అడిగింది పదిహేడేళ్ల పిల్ల. అడిగిన చోటు మేముండే భవనంలో మెట్ల కింద గది. నేను ఎప్పుడు చూసినా ఏదో ఒకటి చదువుతూ కనిపిస్తాను కనుక నాకు తెలిసి ఉంటుందనుకుంది. ఆ రోజు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి నిఘంటువులు తిరగేశాను. అందులోనూ లేదు. ఇప్పటికీ తెలియదు.

ఆ పిల్ల తల్లిని భవనంలో పిల్లలంతా కుట్లత్త అంటారు. పిల్లలన్నారని పెద్దవాళ్లూ అంటారు. ఆడిటరుగారంతటి పెద్దమనిషి కూడా మెట్ల దగ్గర నిలబడి, "కుట్లత్తా, నా ప్యాంటు అయిందా?" అని అడగడం నేను విన్నాను. ఆయన వయసుకు ఆవిడ కూతురవుతుంది.

ఆ గది అసలు గది కాదు. మెట్లు పైకి వెళ్లగా కింద మిగిలిన జాగా. ఒక పక్క నిలబడవచ్చు, మధ్యలో వంగాలి, మూలకు పోవాలంటే పాకాలి. ఆ మూలలో ఆమె దారపు ఉండలు పెట్టుకుంది. బయట అట్టముక్క మీద సొంత దస్తూరీతో రాసి వేలాడదీసింది: "ఇచ్చట బట్టలు వదులు చేయబడును, బిగించబడును." కొత్త బట్టలు కుట్టదు. ఎవరో కుట్టినవాటిని విప్పి, మనిషికి తగ్గట్టు సర్దుతుంది. ఎవరైనా కొత్తవి కుట్టమంటే, "కొత్తవయితే మీ ఇష్టం వచ్చినట్టు రావాలంటారు. పాతవయితే ఎలా వచ్చినా సంతోషిస్తారు" అనేది.

అంతకుముందు ఆమె రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో పనిచేసింది. అక్కడ ఏళ్ల తరబడి కాలర్లు కుట్టింది. కాలర్లే. ఎడమ నుంచి ఒకామె ముక్కలు తోసేది, ఈమె కుట్టి కుడివైపు తోసేది. పూర్తయిన చొక్కా ఎలా ఉంటుందో చూడాలంటే బజారుకు వెళ్లాలి. వెనకాల సూపర్‌వైజరు నిలబడి మెడ మీద ఊపిరి వదిలేవాడు. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు ఇప్పుడే వస్తానని చెప్పి బయటికి వెళ్లాడు. "ఆయన 'ఇప్పుడే' ఇంకా అవలేదు పిన్నిగారూ" అని ఒకసారి నాతో అంది. నవ్వుతూ అందో విసుగ్గా అందో పోల్చుకోలేకపోయాను. నోట్లో గుండుసూదులున్నాయి. ఆమె నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి. అందువల్ల తక్కువ మాట్లాడుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి సూదులు తీస్తే ఆపడం కష్టం.

మా భవనానికి ఫోనులో ఒక గ్రూపు ఉంది. పేరు 'మన మెట్లు'. నీళ్లు ఎప్పుడొస్తాయి, లిఫ్టు ఎందుకు ఆగింది, మూడో అంతస్తు గుమ్మం ముందు చెప్పులెవరివి, ఇలాంటి విషయాల మీద రోజంతా చర్చ సాగుతుంది. దాని అధిపతి ఆడిటరుగారు. ఉద్యోగం మానేసి చాలాకాలమైనా తప్పులు పట్టే అలవాటు మానలేదు. యంత్రాంగం చూసేవాడు అల్లుడుగారు. కంప్యూటరు పని చేస్తాడు. అత్తవారింట్లో ఉంటాడు కనుక భవనమంతటికీ అల్లుడే. కుట్లత్తను కూడా అందులో చేర్చారు. ప్యాంట్లు అయ్యాయో లేదో కిందికి దిగకుండానే అడగవచ్చని.

ఒకనాడు ఎవరో సినిమా నటి తనకు బిడ్డ పుట్టిందని ప్రకటించింది. కన్నది ఆమె కాదు, డబ్బు తీసుకుని మరొకావిడ మోసి కని ఇచ్చింది. రెండో అంతస్తు పళ్ల డాక్టరమ్మ ఆ వార్తను గ్రూపులో పెట్టి, "దీనిపై మన అభిప్రాయమేమిటి?" అని అడిగింది. లిఫ్టు ఆగి ఉన్న రోజు కావడంతో అందరూ ఇళ్లలోనే ఉన్నారు. అభిప్రాయాలు వెల్లువెత్తాయి.

"మాతృత్వం అంగడి సరుకా?" అన్నారు ఆడిటరుగారు. "ఆమె శరీరం, ఆమె ఇష్టం" అంది పళ్ల డాక్టరమ్మ. "ఆకలి ఉన్నచోట ఇష్టం ఎక్కడిదండీ?" అని నాలుగో అంతస్తు నుంచి ఒకరు. "ఊరికే మోసిస్తే త్యాగం, డబ్బు తీసుకుంటే పాపమా? మరి మీరు ఊరికే ఆడిట్లు చేశారా?" అని మరొకరు. నిజం చెప్పాలంటే అడిగినవన్నీ మంచి ప్రశ్నలే. మోసినామె మనసు మార్చుకుంటే ఎలా? అడిగినవాళ్లు వద్దుపొమ్మంటే బిడ్డ ఎవరిది? ఆ బిడ్డకు పెద్దయ్యాక చెప్పాలా వద్దా? ఈ చివరిదాని మీదయితే చాలా గొడవ జరిగింది. మోసినామెకు అంతకుముందే పిల్లలుంటే వాళ్లకేం చెప్పాలన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

రెండు రోజులకు చర్చ పెడదారి పట్టింది. ఒకాయన అనరాని మాటేదో అన్నాడు. ఇంకొకాయన దానికి నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. ఆడిటరుగారికి కోపమొచ్చి, చర్చ ఎలా సాగాలో ముందు చర్చించి, ఆ తర్వాతే చర్చించాలని ఆదేశించారు. నియమాలు రాశారు. ఒకరినొకరు దెప్పకూడదు. మతం ఎత్తకూడదు. ఆధారం లేని మాట అనకూడదు. అన్నింటికన్నా ముఖ్యంగా, ఆ స్త్రీలను కించపరిచే పదం వాడకూడదు.

ఏది కించపరిచే పదం? 'అద్దె గర్భం' అని పేపర్లన్నీ రాస్తాయి. "ఛీ, స్త్రీ ఏమైనా ఇల్లా, కొట్టా?" అంది పళ్ల డాక్టరమ్మ. ఆ అమ్మాయిది మంచి మనసు, ఒట్టి మాటకు అనలేదు. అందరికీ అది నిజమే అనిపించింది. అయితే మరేమనాలి? గర్భదాత అన్నారు. దానం చేసి వెనక్కి తీసుకున్నట్టుంటుందని వద్దన్నారు. బదులు తల్లి అన్నారు. చేబదులు గుర్తొస్తుందని కొట్టేశారు. చివరికి ఓట్లు పెట్టారు. 'ఉపకార మాత' గెలిచింది.

ఆ మధ్యాహ్నం నేను పరదా అంచులు మడతకని మెట్ల కిందికి వెళ్లాను. కుట్లత్త ఫోను బల్ల మీద ఆనించి ఉంది, తెర మీద గ్రూపు కదులుతోంది.

"పిన్నిగారూ, ఉపకార వేతనం తెలుసు, మా అమ్మాయికి వస్తుంది. ఉపకార మాతేంటి?"

"బిడ్డను మోసి ఇచ్చేవాళ్లట."

"ఓహో" అంది. సూదులు మళ్లీ నోట్లో పెట్టుకుంది.

అప్పుడే పళ్ల డాక్టరమ్మ కోటు పట్టుకుని దిగింది. నడుం దగ్గర బిగువైందట. కుట్లత్త ఆమెను నిలబెట్టి, కోటు తొడిగించి, పక్క కుట్టు వెంట సూదులు గుచ్చుతోంది. ఆ అమ్మాయి ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో ఫోను నోటి దగ్గర పెట్టుకుని, గ్రూపుకు మాటలు చెబుతోంది: "మనమంతా మాట్లాడుతున్నాం కానీ గొంతులేని ఆ స్త్రీల గొంతు మనకు వినిపించడం లేదు. మనలో అలాంటి అనుభవం ఉన్నవాళ్లెవరైనా ఉంటే ధైర్యంగా ముందుకు రండి. మేం వింటాం."

"చెయ్యి దించకండి" అంది కుట్లత్త సూదుల మధ్య నుంచి.

"అయ్యో, సారీ" అని మళ్లీ ఎత్తింది.

అల్లుడుగారు ఈలోగా తన విద్య ప్రదర్శించాడు. 'అద్దె' అనే మాట ఎవరు రాసినా, ఎవరి కంటా పడకముందే చెరిగిపోయేలా ఒక ఏర్పాటు చేశాడు. రాసినవాళ్లకు మాత్రం ఒక నోటీసు వస్తుంది: "మీ సందేశంలో స్త్రీల గౌరవానికి భంగం కలిగించే పదం ఉన్నందున తొలగించడమైనది." మూడుసార్లు తప్పు చేస్తే వారంపాటు నోరు బంద్.

దీనికి మొదట బలైనవాడు కింది అంతస్తు ఇంటాయన. ఆయనకు గర్భాలతో పనిలేదు. ఖాళీగా ఉన్న వాటా గురించి ప్రకటన పెట్టాడు. చెరిగిపోయింది, నోటీసొచ్చింది. "నేను ఏ ఆడదాన్ని ఏమన్నానండీ?" అని మెట్ల మీద నిలబడి కేకలేశాడు. భార్య లోపలి నుంచి, "ఏమన్నారో చెప్పండి, నేనూ వింటాను" అంది. ఎవరో పిల్లలు సలహా ఇచ్చినట్టున్నారు, సాయంత్రానికి కొత్త ప్రకటన వచ్చింది: "రెండు గదుల వాటా ఉపకారానికి ఇవ్వబడును. నీటి సౌకర్యం కలదు." ఉచితమనుకుని పక్క వీధివాళ్లు కూడా వచ్చారు. ఆయన వాళ్లను గేటు దాకా సాగనంపుతూ అన్న మాటలు ఏ యంత్రమూ చెరపలేదు.

ఈ నవ్వుల మధ్య కుట్లత్త కూతురు వెనక వీధిలో వాళ్లుండే ఇంట్లో కడుపునొప్పితో పడుకుందని తెలిసింది. చురుకైన పిల్ల. తననూ గ్రూపులో చేర్చారు కానీ వాళ్లమ్మ ఫోనులోనే అన్నీ చూసేది, గ్రూపు మాటలు పైకి చదివి, ఆడిటరుగారి గొంతు అనుకరించి వాళ్లమ్మను నవ్వించేది. అలాంటిది రెండు రోజులు మాట్లాడలేదట.

తల్లి నా గుమ్మం ముందుకు వచ్చింది. ఆమె పైకి రావడం అదే మొదటిసారి. చేతిలో నా పరదా ఉంది కానీ అంచు సగమే మడిచి ఉంది.

"కూర్చో."

కూర్చోలేదు. "డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను పిన్నిగారూ. ఏమీ లేదనే అన్నాడు ముందు. తిండి సరిగ్గా తినట్లేదు, పరీక్షల భయం అన్నాడు. తర్వాత, మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటివి ఉన్నాయా అని అడిగాడు. ఇది వెంటనే, మా అమ్మకి కడుపులో పెద్ద గడ్డ వచ్చింది, ఆపరేషన్ చేసి తీశారు అంది. అంతే, ఆయన మొహం మారిపోయింది. స్కానింగులు రాశాడు. రక్తం, ఇంకేవో. రేపు రమ్మన్నాడు."

"నీకు గడ్డ వచ్చిందా? నాకెప్పుడూ చెప్పలేదే."

"రాలేదు."

కాసేపు పరదా కొసను వేళ్ల మధ్య నలిపింది. నోట్లో సూదులు లేవు, అయినా రాలిపోతాయన్నట్టు పెదాలు బిగించింది.

"గడ్డ కాదు పిన్నిగారూ. మగపిల్లాడు."

అలా మొదలుపెట్టి చెప్పింది. ఫ్యాక్టరీలో కుడిపక్కన కూర్చునే ఆమె ముందు వెళ్లొచ్చిందట. ఆమె చెప్పగా ఈమె వెళ్లింది. ఏ ఆపదా లేదు. ఎవరికీ జబ్బు లేదు, అప్పులవాళ్లు తలుపు తట్టలేదు. "ఎవరి కిందా కుట్టకూడదు అనుకున్నాను. సొంత మిషను, నా పేరున అద్దెకైనా ఒక గది. నిలబడ్డానికి లేకపోయినా సరే. అది కాలర్లు కుడితే వచ్చేది కాదు." పిల్లను అక్క ఇంట్లో ఉంచింది. పొట్ట కనిపించేదాకా వారం వారం వెళ్లి చూసొచ్చింది. కనిపించాక ఒకసారి పిల్ల చెయ్యివేసి, ఏంటమ్మా గట్టిగా ఉంది అని అడిగింది. ఎనిమిదేళ్లది. నోటికొచ్చింది చెప్పేసింది, గడ్డ అని. తర్వాత కుట్లు చూసి అడిగితే, తీసేశారని చెప్పింది. అబద్ధం చక్కగా అతికింది. ఎక్కడా ముడత రాలేదు.

"మాలాంటోళ్లనంతా ఉంచే హాస్టల్లో వరసగా మంచాలు పిన్నిగారూ. పొద్దునా సాయంత్రం మెల్లిగా నడిపించేవాళ్లు. ఆ అమ్మానాన్నా ఏదో సంగీతం పంపించారు, బిడ్డకు వినిపించమని. నా పొట్టకు పెట్టేవాళ్లు, నాకు వినిపించేది కాదు. వాడికి ఇష్టమో కాదో, తన్నేవాడు."

"చూశావా వాణ్ని?"

"చెవి చూశాను. నర్సు పక్క నుంచి తీసుకుపోతుంటే. నా చెవి కాదు."

"ఏడ్చావా?" అని అడిగి, ఎందుకడిగానా అనుకున్నాను.

"ఏడుపు రాలేదు. పాలు వచ్చాయి. వాటికేం తెలుసు, ఎవరి బిడ్డో. నాలుగు రోజులు గుడ్డ కట్టుకుని తిరిగాను." తర్వాత మామూలు గొంతుతో అంది, "ఇప్పుడు మూడో నాలుగో చదువుతూ ఉంటాడు."

ఆమె వచ్చింది నాకు కథ చెప్పడానికి కాదు. తెల్లవారితే పిల్లను స్కానింగుకు తీసుకెళ్లాలి. లేని జబ్బుకు భయపడి పిల్ల ఇప్పటికే తినడం మానేసింది. ఇప్పుడు చెప్పాలి. ఎలా చెప్పాలన్నదే సమస్య.

"ఇన్ని రోజులుగా ఆ గ్రూపు చూస్తున్నాను కదా, ఎందుకనుకున్నారు? అంత చదువుకున్నోళ్లు. ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట వస్తుంది, పిల్లకు ఇలా చెప్పాలి అని ఎవరో ఒకరు అంటారు, అది పట్టుకుందామని. ఆ బిడ్డకు చెప్పాలా వద్దా అని కొట్టుకున్నారు కానీ నా బిడ్డ సంగతి ఎవరూ ఎత్తలేదు. మీరు చెప్పండి. మీ పుస్తకాల్లో ఉంటుంది కదా."

నా పుస్తకాల్లో అనాథలు బోలెడంతమంది ఉన్నారు. సవతి తల్లులున్నారు, పెంపుడు తల్లులున్నారు. ఆ అరల వైపు ఒకసారి చూసి, "లేదమ్మా" అన్నాను.

"అయితే నేనే అడుగుతాను. పళ్ల డాక్టరమ్మ రమ్మంది కదా, వింటామంది. వాళ్లు ఏమంటారో చూసి, అదే మాట దానికి చెప్తాను."

వద్దని అందామనుకున్నాను. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. పరదా వంకతో నేనూ వెనకాలే వెళ్లాను.

రాయడం ఆలస్యమని ఆమె ఫోనుతో మాట్లాడింది. ఫోను విని తనే రాసుకుంటుంది. "నేను ఒక బిడ్డను మోశాను" అని చెబితే, "నేను ఒక బిడ్డను మోసం" అని తెర మీద పడింది. "మోసం కాదురా నాయనా, మోశాను" అని మళ్లీ చెప్పింది. "మోసం కాదురా నాయనా" అని కూడా రాసింది. అంతా చెరిపి, చివరికి వేలితో పొడుచుకుంటూ రాసింది. నాకు చూపించింది. తప్పులున్నాయి, దిద్దలేదు.

"నేను ఒక బిడ్డను అద్దెకు మోశాను. మా అమ్మాయికి గడ్డ అని చెప్పాను. ఇప్పుడు అది భయపడుతోంది. నిజం ఎలా చెప్పాలో పెద్దలు చెప్పగలరు."

"ఆ మాట తీసెయ్. చెరిగిపోతుంది" అన్నాను. "ఉపకార మాత అని పెట్టు."

"నేనేం ఉపకారం చెయ్యలేదు పిన్నిగారూ, పైసలు తీసుకున్నాను. అబద్ధం చెప్పి ఇక్కడిదాకా వచ్చాను, ఇక్కడ కూడా అబద్ధమేనా?" తల వంచుకుని, సిగ్గుపడుతున్నట్టు అంది, "పైగా ఆ మాటకేం తక్కువ? అద్దెకున్నోడు వాడు. ఇంటిదాన్ని నేను. పుట్టినప్పట్నుంచీ ఇంకొకళ్ల ఇళ్లలోనే కదా, మేకు కొట్టాలన్నా అడగాలి. జన్మలో నేను ఇంటావిడనయ్యింది ఆ తొమ్మిది నెలలే."

పంపింది. రెప్పపాటులో మాయమైంది. స్త్రీల గౌరవానికి భంగం కలిగించారని నోటీసు వచ్చింది.

వెళ్లలేదనుకుని మళ్లీ పంపింది. మళ్లీ పోయింది. నేను చెయ్యి పట్టుకునేలోపు మూడోసారీ నొక్కింది. వారంపాటు మాట్లాడే వీలు లేదని చెప్పి, రాసే చోటు కూడా మూతపడింది.

కాసేపటికి ఆడిటరుగారి సందేశం వచ్చింది. యంత్రం ఆయనకు ఎవరు తప్పు చేశారో చెబుతుంది కానీ ఏం రాశారో చూపించదు. "మనలో ఒకరు, పేరు చెప్పను, హెచ్చరించినా ఆ పదాన్ని మూడుసార్లు వాడారు. ఆ అభాగినుల వేదన ఎలాంటిదో అనుభవిస్తే తప్ప తెలియదు. దయచేసి వాళ్ల స్థానంలో ఉండి ఆలోచించండి." కింద పళ్ల డాక్టరమ్మ చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. ఇంకా చాలామంది పెట్టారు. కింది అంతస్తు ఇంటాయన మాత్రం, "ఈసారి నేను కాదు" అని రాశాడు.

కుట్లత్త అదంతా చదివింది. కోపం రాలేదు. "ఎవర్నంటున్నాడు, నన్నేనా?" అంది. నవ్వు మొదలైంది కానీ పూర్తికాలేదు, ఎందుకంటే గేటు నుంచి పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడైంది.

కూతురు వచ్చింది. జుట్టు చెదిరి ఉంది, ఫోను చేతిలో ఉంది. అల్లుడుగారి విద్యకు ఒక లోపముంది. గ్రూపులో మాట చెరిగిపోయినా, అది వచ్చిందన్న కబురుతో పాటు మొదటి రెండు ముక్కలు మూసి ఉన్న ఫోను తెర మీద మెరిసి, అక్కడే నిలిచిపోతాయి. గ్రూపు తెరిచి కూర్చున్నవాళ్లకు అవి కనబడవు. మంచం మీద పడుకుని, ఫోను పక్కన పెట్టుకున్న పిల్లకు మూడుసార్లు మెరిశాయి. తనూ ఆ గ్రూపులో ఉందన్న సంగతి కంగారులో మాకిద్దరికీ గుర్తు రాలేదు.

"గడ్డ లేదా?" అంది.

తల్లి లేవబోయి, వాలు కప్పుకు తల కొట్టుకుని మళ్లీ కూర్చుంది. "లేదే."

"అసలు ఎప్పుడూ లేదా?"

"లేదు."

"నాకూ రాదా?"

"రాదే తల్లీ. నీకు పరీక్షల భయమే. డాక్టరు ముందే చెప్పాడుగా."

పిల్ల గోడకు ఆనుకుని కిందికి జారి, నేల మీద కూర్చుండిపోయింది. అక్కడ కూర్చుంటేనే తల తగలదు. "నువ్వు నడుం పట్టుకున్నప్పుడల్లా నేను చచ్చేదాన్ని తెలుసా? మళ్లీ వచ్చిందేమో, మళ్లీ పెద్దమ్మ ఇంట్లో వదిలేసి పోతావేమో అని. బాత్రూంలో రోజూ నా పొట్ట నొక్కుకుని చూసుకునేదాన్ని. నీకేం, గడ్డ అనేశావు."

"ఏం చెప్పనే అప్పుడు? ఎనిమిదేళ్లదానివి."

"బిడ్డ అని చెప్పొచ్చుగా!"

"చెప్తే ఇంటికి ఎప్పుడు తెస్తావంటావు."

పిల్ల ముక్కు మోచేత్తో తుడుచుకుంది. ఏడుస్తోందనుకున్నాను. చూస్తే, మధ్యలో నవ్వు కూడా కలిసింది. "పేపర్లో ఏదైనా చదివితే నాకు చూపించేదానివి, గడ్డలొచ్చినవాళ్లు ఈ పళ్లు తినాలట అని. ఎంత యాక్షన్ చేశావే అమ్మా!"

"నిజమని నమ్మించాలి కదా మరి. తర్వాత తర్వాత నాకే సగం నమ్మకం కుదిరింది."

"ఎలా ఉంటాడు?"

"చెవి ఒక్కటే చూశాను."

"చెవి చూసి ఏం చెప్తాం" అని పిల్ల విసుక్కుంది. కొంచెం ఆలోచించి నా వైపు తిరిగింది. "అమ్మమ్మగారూ, మీకు తెలుస్తుంది. వాడు నాకేమవుతాడు? తమ్ముడంటే వాళ్లమ్మ వేరే. ఎవరూ కాదందామంటే, నేనున్న చోటే ఉండి వెళ్లాడు కదా. ఏదో ఒక వరస ఉండాలి కదా?"

నేను నోరు తెరిచాను. ఏదో చెప్పబోతున్నానని ఇద్దరూ చూశారు. తల్లి అయితే ఆశగా చూసింది. నోరు మూసుకున్నాను.

"పోనీ లెండి" అంది పిల్ల, నామీద జాలిపడినట్టు. "అప్పటిదాకా గడ్డే. మా గడ్డ."

"ఛీ, పిల్లాణ్ని అలా అంటారటే?" అని తల్లి కూతురి తల మీద ఒక్కటి ఇచ్చింది.

"పేరు పెట్టింది నువ్వేగా!"

ఆ పూట పిల్ల అన్నం తిందని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. కుట్లత్త. పరదా మడత పూర్తిచేసి తెచ్చింది. కింద మెట్ల మలుపులో కూతురు నిలబడి, పైకి వినిపించేలా అరుస్తోంది.

"అమ్మా, రా! ఆయన వెళ్లిపోతాడు. స్కానింగు వద్దని చెప్పాలి కదా."

"ఆయనకు నేను చెప్తాలే" అంటోంది తల్లి, అడుగులు నా గుమ్మంలో, చూపు కిందికి.

"నువ్వు వద్దు, మళ్లీ ఇంకేదో చెప్తావు. నేనే చెప్తా. మా ఇంట్లో ఎవరికీ గడ్డలు లేవండీ, ఒక... ఒక..." ఆగిపోయింది. మాట వెతుక్కుంటోంది. "ఒకాయన కొన్నాళ్లుండి వెళ్లారండీ, అంటా."

"డాక్టరు పిచ్చిదనుకుంటాడే!"

"అనుకోనీ!"

అప్పుడే నా ఫోను మోగింది. పళ్ల డాక్టరమ్మ గ్రూపులో రాసింది: "ఇంత సున్నితమైన విషయాన్ని ఒక్కరి మనసూ నొప్పించకుండా చర్చించగలిగాం. మనల్ని చూసి గర్వంగా ఉంది. అనుభవం ఉన్నవాళ్ల కోసం తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి." నేను ఆ ముక్క చదివి, కుట్లత్తకు వినిపిద్దామని తలెత్తాను. గుమ్మంలో ఆమె లేదు. పరదా నా చేతిలోనే ఉంది, నాలుగు మడతలు పెట్టి, అంచు పైకి వచ్చేలా. మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటున్న రెండు జతల చెప్పుల చప్పుడు కిందికి, ఇంకా కిందికి పోయింది. గేటు తెరుచుకుంది.

ఫోను మళ్లీ చూశాను. డాక్టరమ్మ మాటల కింద, బూడిదరంగు చిన్న అక్షరాల్లో, ఎవరూ రాయకుండానే యంత్రం తనంతట తాను రాసే వరస ఒకటి కొత్తగా వచ్చి ఉంది.

"కుట్లత్త గ్రూపు నుంచి వెళ్లిపోయారు."

దాని కిందనే పళ్ల డాక్టరమ్మ: "అయ్యో, నా కోటు?"